పుట్టు రంగు

బాపు నమూనాల పుస్తకం తెరిస్తే ఇప్పటికీ ముందు పటిక వాసన వస్తుంది, దాని వెనక గంజి వాసన, ఎక్కడో అడుగున బొగ్గుల పొగ. పుస్తకం అంటున్నాను గాని, అది మందపాటి గోధుమరంగు కాగితాలను మధ్యకు మడిచి దారంతో కుట్టిన కట్ట. ప్రతి పేజీలోనూ బొటనవేలంత మల్‌మల్ ముక్కలు వరసగా కుట్టి ఉంటాయి. ఒక్కొక్క దాని కింద బాపు చేతిరాతలో దాని రంగు పేరు ఉంటుంది: ఉల్లిపొర లాంటి ప్యాజీ, లేత వరికంకి లాంటి ధానీ, కాసనీ, అంగూరీ, ఫిరోజీ. ఒక్క పేజీకి మాత్రం పేరు లేదు. అందులో మూడు వస్తువులున్నాయి. నా చూపుడువేలంత ఈక ఒకటి, పక్కన మల్‌మల్ ముక్క, కింద నాలుగు మడతలు పెట్టిన తెల్ల గుడ్డ. ఆ పేజీని నేను ఏడాదికి ఒకసారి, కిటికీ తలుపులు దగ్గరకు వేసి, కాసేపే తెరుస్తాను.

మాది రంగ్రేజుల ఇల్లు. లాల్‌దర్వాజాలో గుడి వెనక సందులో, ముందుగదిలో దుకాణం, వాకిట్లో పొయ్యిలు, వెనక రెండు గదుల్లో మేము. చీరలకు, దుపట్టాలకు, తలపాగాలకు రంగు వేయడం మా తాతల నాటి పని. పొద్దున లేచేసరికి బాపు రాగి దేగ్‌ల కింద బొగ్గులు రాజేసి ఉండేవాడు. నీళ్లు మరిగే చప్పుడు, పటిక వేసినప్పుడు లేచే పుల్లటి ఆవిరి, అమ్మ పక్క పొయ్యి మీద కాల్చే జొన్నరొట్టె వాసన అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేవి, విడదీసి చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. రంగు వేసిన దుపట్టాను ఆరబెట్టే పని అమ్మదీ నాదీ. చెరో కొస పట్టుకొని సందులో నిలబడి, గాలి నిండేట్టు పైకి కిందికి ఆడించేవాళ్లం. సైకిళ్ల వాళ్లు గంట కొట్టి, తలలు వంచి దాని కింద నుంచే పోయేవాళ్లు. ఒక్కోసారి తడి అంచు ఎవరి టోపీకో తగిలి గొడవయ్యేది. బాపు లోపలినుంచే కేకేసేవాడు: "ఫికర్ జెయ్యకు భాయ్, పక్కా రంగు, నీ టోపీకి అంటదు!"

పక్కా రంగు, కచ్చా రంగు. మా ఇంట్లో మంచికీ చెడుకీ ఈ రెండే మాటలు. ఉతికినా, ఎండలో వేసినా, చెమట తగిలినా నిలిచేది పక్కా. మొదటి ఉతుకుకే తొట్టిలో దిగిపోయేది కచ్చా. మనుషులను కూడా బాపు ఈ లెక్కనే చూసేవాడు. ఫలానావాడు కచ్చా మనిషి అంటే ఇక ఆ మనిషి మా గడప తొక్కడం లేదనే అర్థం. పరీక్ష కూడా ఒకటే. కుంకుడు రసంలో తడిపిన తెల్ల మల్‌మల్ గుడ్డతో మూడుసార్లు గట్టిగా రుద్దేవాడు. గుడ్డకు అంటితే కచ్చా.

రంగులకు ఋతువులుండేవి. మొహర్రం నెలలో నలుపు, పచ్చ. పెళ్ళిళ్ల రోజుల్లో ఎరుపు, కుసుంబి. రంజాన్ చివరి వారంలో ఏ రంగని చెప్పలేం, వాకిట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆషాఢంలో బోనాల ముందు పసుపు. నలుపును బాపు కొనేవాడు కాదు. తుప్పు పట్టిన ఇనప ముక్కలను బెల్లం నీళ్లలో వేసి, కుండ మూతి కట్టి, ఇరవై రోజులు మురగబెట్టేవాడు. మూత తీస్తే సందంతా ముక్కు మూసుకునేది. ఆ కంపులో నుంచి వచ్చిన నలుపు మాత్రం చీర చిరిగేదాకా పోయేది కాదు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఖాదర్ చాచా ఈ వాకిట్లోకి వారానికి రెండు మూడుసార్లు వచ్చేవాడు. ఆయనా బాపూ ఒకే సందులో పెరిగారు, ఒకే బడిలో మూడో తరగతిదాకా చదివి, ఒకే ఏడు మానేశారు. చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో ఆయనకు పక్షుల దుకాణం. పావురాలు, రామచిలుకలు, కౌజులు, పందెపు కోళ్లు, ఎప్పుడన్నా ఒక నెమలి. రంజాన్ పండగనాడు ఆయన ఇంటినుంచి షీర్ ఖుర్మా వచ్చేది, ఉగాదికి మా ఇంటినుంచి బచ్చాలు, అంటే బొబ్బట్లు, వెళ్లేవి. బచ్చం తుంచి నెయ్యిలో ముంచుకుంటూ ఆయన అమ్మను ఏడిపించేవాడు: "భాభీ, గీ పప్పు రుబ్బినంక నీ చేతిల సత్తువ మిగిల్తే మా రాములుకు రెండు తగిలియ్యి, మస్తు బలిసిండు." రాములు అంటే బాపు. బాపు తలెత్తకుండానే, "నీ పిట్టలకన్నా తక్కువే తింట, పో" అనేవాడు.

చాచా రంగు కోడిపిల్లలు అమ్మేవాడు. ఇప్పటి పిల్లలకు తెలుస్తుందో లేదో. ఒక్కరోజు వయసున్న కోడిపిల్లలను గులాబీ, పచ్చ, ఊదా రంగుల్లో ముంచి, ఎండలో ఆరబెట్టి, గంపలో పెట్టి జాతరల్లో అమ్మేవాళ్లు. ఆ రంగు మా ఇంటి నుంచే వెళ్లేది. దుపట్టాలు అయ్యాక దేగ్‌లో అడుగున మిగిలిన రంగునీళ్లను బాపు పారబోయకుండా డబ్బాలో పోసేవాడు. నేను బడి అయ్యాక దాన్ని పట్టుకొని చాచా దుకాణానికి వెళ్లేదాన్ని. ఎవరూ పంపనక్కర్లేదు, పిల్లలను ముంచేటప్పుడు చూడాలని నేనే వెళ్లేదాన్ని. చాచా ప్రతి పిల్లను కొనే పిల్లవాడి చేతిలో పెడుతూ ఒకటే మాట చెప్పేవాడు, ఇది పూసిన రంగు, పది రోజుల్లో పోతుందని: "ఏ రంగ్ లగాయా సో హై బేటా, దస్ దిన్‌మే జాతా. తర్వాత తెల్లగైతది, మళ్ల ఏడ్వొద్దు." చౌక్‌లో మిగతావాళ్లు పిచ్చుకలకు రంగు పూసి, విదేశీ పిట్టలని అమ్మేవాళ్లు. చాచా వాళ్ల వంక చూసి ఉమ్మేవాడు. ఆయన దగ్గర పక్షి కొన్నవాళ్లు దాని వయసు గాని, రోగం గాని, జాతి గాని మళ్లీ ఇంకొకరిని అడిగేవాళ్లు కాదు. ఆయన దుకాణంలో పంజరాలు పాతవి, తడికె పాతది. ఆయన మాటే ఆయన సరుకు.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు, డెబ్బైల మొదట్లో, ఎండలు ముదరకముందు, పిట్టలు పట్టేవాళ్లు ఆ పక్షిని తెచ్చారు. హిమాయత్‌సాగర్ నీళ్లు వెనక్కి తగ్గి, అంచున మోకాలిలోతు బురద తేలినచోట, ఉచ్చులో దొరికిందట. రెక్క కొంచెం వాచి ఉంది. నేను డబ్బాతో వెళ్లేసరికి అది దుకాణం వెనక వాకిట్లో, నీళ్ల తొట్టిలో ఒంటికాలి మీద నిలబడి ఉంది.

నా కంటే ఎత్తుంది. మెడ దించి, మళ్లీ ఎత్తి, ఎక్కడ ముడి పడుతుందో అని భయపడేటట్టు తిప్పుతోంది. ముక్కు మధ్యలో ఎవరో విరిచి అతికించినట్టు కిందికి వంగి, చివర నల్లగా ఉంది. మెడా రొమ్మూ తెలుపులో గులాబీ కలిసినట్టు. రెక్క విప్పినప్పుడు మాత్రం లోపల ముదురు గులాబీ, అంచున నలుపు. కళ్లు పసుపు. అందంగా ఉందని నాకు అప్పుడు అనిపించలేదు. తప్పిపోయి వచ్చినట్టు అనిపించింది. చాచా తొట్టిలో చెరువు బురద, దాంతోబాటు కంటికి ఆననంత చిన్న రొయ్యలు పోశాడు. అది తలను పూర్తిగా తలకిందులు చేసి, ముక్కు పైభాగాన్ని అడుగుకు ఆనించి, బురదను లోపలికి లాగి పక్కలనుంచి వదలడం మొదలుపెట్టింది. చాచా గోడకు ఆనుకొని చాలాసేపు అలాగే చూశాడు.

"ఉల్టా తింటది," అన్నాడు చివరికి. "అల్లా అన్ని పిట్టలకు ఒక తీరు నేర్పి, దీనికి ఇంకో తీరు నేర్పిండు."

పదిరోజుల్లో రెక్క వాపు దిగింది. దాన్ని శాలిబండ వైపున్న ఒక దేవిడి బేగం తీసుకుంది. పాత జాగీర్దారుల ఇల్లు; లోపలి తోటలో పాలరాతి హౌజు, అందులో నీళ్లు. ఆమె కూతురి పెళ్లి దగ్గరలో ఉంది, పెళ్లివారు వచ్చేసరికి హౌజులో ఆ పక్షి నిలబడి ఉండాలని ఆమె కోరిక. ఒకటే అడిగింది: రంగు నిజమేనా అని. చాచా చెవులు పట్టుకొని, పుట్టు రంగని మాట ఇచ్చాడు. ఆ పైన దేవిడి నౌకర్లకు పదేపదే చెప్పాడు, వారానికి రెండు కుండల చెరువు బురద తెచ్చి హౌజులో పోయాలని, రొయ్యలు తగ్గకూడదని.

రెండో రోజు దేవిడి నుంచి మా దుకాణానికి ఒక ఈక వచ్చింది, రెక్క లోపలిది. పెళ్లికూతురి ఖడా దుపట్టా సరిగ్గా ఆ రంగులో కావాలట. బాపుకు రంగు కలపడానికి మామూలుగా పావుగంట పట్టేది. నమూనా చూసి, చిటికెలతో కలిపి, బట్ట కొసను ముంచి, బొగ్గుల సెగకు పట్టి ఆరబెట్టి, పక్కపక్కన పెట్టి చూసేవాడు. ఈ ఈకకు మూడు రోజులు పట్టింది. గులాబీ సరిపోతే నీరెండలో తేలిపోయేది, నీరెండలో సరిపోతే నీడలో మురికిగా కనబడేది. మూడోరోజు మధ్యాహ్నం గులాబీలో రవ్వంత నారింజ వేశాడు. ఆరిన కొసను ఈక పక్కన పెట్టి, వెలుతురులోకి తిప్పి, మళ్లీ నీడలోకి తిప్పి, కూర్చుండిపోయాడు.

"గీ రంగు కలిపినోడు ఉస్తాద్," అన్నాడు. నవ్వుతూ పైకి చూపించాడు.

ఆ ముక్కనూ ఈకనూ కలిపి పుస్తకంలో కుట్టుకున్నాడు. పేరేం పెట్టాలో తోచక ఖాళీ వదిలేశాడు.

పెళ్లి బాగానే జరిగింది. ఆ తర్వాత నెలన్నరకు దేవిడి నుంచి పిలుపు వచ్చింది. పక్షి మెడా రొమ్మూ తెల్లబడుతున్నాయని, దాన్ని చూసి రంగు వేసిందో కాదో చెప్పాలని. వచ్చిన నౌకరు మాటల్లో తెలిసింది, బురద కంపు కొడుతోందని బేగం దాన్ని మొదటి వారంలోనే ఎత్తిపోయించి, హౌజు కడిగించి, మంచినీళ్లు నింపించిందట. నానబెట్టిన జొన్నలు, అన్నం పెడుతున్నారట.

బాపు బయలుదేరేముందు పొయ్యి దగ్గర నిలబడి నన్ను పిలిచాడు. ఆయన మొహం నాకు కొత్తగా కనిపించింది.

"బిడ్డా, గా పిట్ట వచ్చిన దినాల్ల, ఖాదర్ కాడికి గులాబి తీస్కపోయినవా?"

"తీస్కపోయిన," అన్నాను.

"ఎన్ని దినాలు?"

"రెండుసార్లు. రెండు డబ్బాలు."

నిజమే. పాతబస్తీలో ఏదో దర్గా దగ్గర ఉర్సు ఉండింది, కోడిపిల్లలకు రంగు కావలసి వచ్చింది. ఆ రంగులో ముంచిన పిల్లలను నేను నా చేతులతో ఆరబెట్టాను. అది కూడా చెప్పి ఉండాల్సింది. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలని ఇంట్లో నేర్పారు, నేను అడిగినదానికి మాత్రమే చెప్పాను. బాపు ఇంకేం అడగలేదు. నన్నూ వెంట తీసుకెళ్లాడు, బహుశా అవసరమైతే అక్కడ కూడా చెప్పించడానికి.

దేవిడి తోటలో హౌజు చుట్టూ జనం ఉన్నారు. నౌకర్లు, చౌక్ నుంచి వచ్చిన ఇద్దరు పక్షుల వాళ్లు, ఖాదర్ చాచా. వెదురు చిక్ తెర వెనక బేగం. పక్షి హౌజు మధ్యలో, కడిగిన పాలరాయి మీద, తన నీడ తనకు అడుగున కనబడేంత తేటనీళ్లలో నిలబడి ఉంది. తల దించి, తలకిందులు చేసి, నీళ్లు లాగి వదిలింది. అందులో ఏమీ లేదు. మళ్లీ లాగింది.

చాచా బాపును చూడగానే ప్రాణం లేచి వచ్చినట్టు ఎదురొచ్చాడు. "రాములూ, నువ్వన్న చెప్పు వీళ్లకు. బురద తీసేసిన్రు. దీని రంగు బురదల ఉంటది, నేను మొదటనే చెప్పిన."

చౌక్ నుంచి వచ్చినవాళ్లలో ఒకడు నవ్వాడు. "వాహ్ రే ఖాదర్, కీచడ్‌లకెళ్లి గులాబి తీసినవ్! గా దుకాణమేదో మాకు గూడ చూపియ్యి."

అందరూ నవ్వారు. బాపు కూడా, పెదవి కొసన. తుప్పుపట్టిన ఇనుమునుంచి, మురిగిన బెల్లంనుంచి నలుపు తీసే మనిషి, కంపులోనుంచి రంగు వస్తుందని చేతులారా తెలిసిన మనిషి, ఆ రోజు ఆ మాటకు నవ్వాడు. దీన్ని నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో.

ఇద్దరు నౌకర్లు పక్షిని పట్టుకున్నారు. బాపు తెల్ల గుడ్డను కుంకుడు రసంలో తడిపాడు. మెడ మీద మూడుసార్లు రుద్దాడు. గుడ్డ తెల్లగానే ఉంది. చాచా గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది. బాపు గుడ్డ మడత మార్చి, రంగు ఇంకా కొంచెం మిగిలి ఉన్నచోట, తోక మొదట్లో, వేలు లోపలికి పోనిచ్చి రుద్దాడు. తీసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. గుడ్డ మీద కాసంత మేర లేత గులాబీ, కొంచెం నారింజ కలిసినట్టు, జిడ్డుగా.

తెర వెనకనుంచి బేగం అన్నది, బాపు కన్ను మీద తనకు నమ్మకమని: "బోలో రంగ్రేజ్. తుమారీ ఆంఖ్ పే మేరేకు భరోసా హై."

బాపు గుడ్డను అందరికీ కనబడేట్టు పట్టుకున్నాడు. "నూనెల కలిపి పూసిన్రు, హుజూర్. కచ్చా రంగు."

చాచా ఒక్కసారి గుడ్డను చూశాడు, ఒక్కసారి బాపును చూశాడు. కోపంగా కూడా కాదు. మెట్టు ఉందనుకొని కాలు వేస్తే అక్కడ ఏమీ లేనివాడిలాగా. "నేను పూసిన్నా, రాములూ? నేనా?" అన్నాడు. బాపు గుడ్డ మడత పెట్టుకుంటున్నాడు. నౌకర్లు చాచాను భుజాలు పట్టుకొని బయటికి నడిపించారు.

ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. అమ్మ ఒకటే మాట అన్నది: "పిట్ట రంగు పోతె మనిషి పరువు తీస్తరా?" బాపు, "రంగు సంగతి నీకేం ఎరుక" అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో చాచా పేరు ఎవరూ ఎత్తలేదు. రంజాన్‌కు షీర్ ఖుర్మా రాలేదు, ఉగాదికి బచ్చాలు వెళ్లలేదు. వానాకాలం వచ్చేసరికి పక్షి పాత ఈకలు రాల్చిందని, కొత్తవి కొంగ ఈకల్లా తెల్లగా వచ్చాయని, కాళ్ల రంగు కూడా పోయిందని దేవిడి నుంచి కబురు వచ్చింది. బాపు మాట రుజువైందని సందులో అందరూ అనుకున్నారు. వానలు ముగిసేలోగా పక్షి చచ్చిపోయింది. అప్పటికి అది ఎవరికీ ముఖ్యం కాదు.

చాచాకు చౌక్‌లో పేరు పడింది, కచ్చారంగ్ ఖాదర్ అని. పిల్లలు దుకాణం ముందునుంచి పోతూ అరిచేవాళ్లు. ఎవరికి పక్షి చూపించినా ముందు ఈకలు రుద్ది చూసేవాళ్లట. ఏడాది తిరక్కుండానే దుకాణం ఎత్తేసి, నయాపూల్ దగ్గర పేవ్‌మెంట్ మీద పక్షులకు వేసే జొన్నలు, కొర్రలు అమ్ముతూ కూర్చున్నాడు. మరుసటి బోనాలకు లాల్‌దర్వాజా జాతరలో నేను ఆయన్ను చూశాను. వేపాకులు, పసుపు, డప్పుల చప్పుడు, జనం. ఆయన గింజల సంచి భుజాన వేసుకొని పోతున్నాడు. నన్ను చూసి ఆగాడు. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఏమనాలో తెలియక, "రెండు డబ్బాలు కోడిపిల్లలకే చాచా, నేను చెప్పలే" అన్నాను.

ఆయన చేయి నా తలమీద పెట్టాడు. "తూ సచ్ బోలీ బేటా. అడిగింది చెప్పినవ్, అంతే. రోనా నై."

అదే ఆయన నాతో మాట్లాడిన ఆఖరు మాట. దాన్ని నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఆయన తిట్టి ఉంటే ఇంత బరువు ఉండేది కాదు.

డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో, పక్షుల పుస్తకం ఒకటి చేతికొచ్చింది. బొమ్మ చూడగానే పోల్చుకున్నాను. ఫ్లెమింగో అని ఉంది. తెలుగులో కొందరు రాజహంస అంటారు. నేను ఆ పేరు వాడను. దాని బతుకులో రాచరికం ఏమీ లేదు. ఎండిపోతున్న ఉప్పుకయ్యల్లో, ఇంకే పక్షీ ముట్టని చౌడు నీళ్లలో, బురదను జల్లెడ పట్టుకొని బతుకుతుంది. ముక్కు లోపల దువ్వెన పళ్లలాంటివి ఉంటాయి, లావుపాటి నాలుక నీళ్లను తోడి వదులుతుంది, నాచూ రొయ్యలూ లోపల మిగిలిపోతాయి. బురదతోనే బోర్లించిన కుండలాంటి గూడు కట్టి ఒక్క గుడ్డు పెడుతుంది. పిల్ల బూడిదరంగులో పుడుతుంది. దానికి తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతులో ఊరే ఎర్రటి పాలు పోస్తారు. పిల్ల పెరిగేలోగా వాళ్ల రంగు వెలిసిపోతుంది. ఎందుకంటే ఆ రంగు ఒంట్లో పుట్టదు. తిండినుంచి వస్తుంది. ఆ నాచు, ఆ రొయ్యలు దొరక్కపోతే రాలిన ఈక స్థానంలో తెల్ల ఈక వస్తుంది.

బురదలోనే రంగుంది. చాచా చదివి చెప్పలేదు. గోడకు ఆనుకొని చాలాసేపు చూసి చెప్పాడు.

అప్పటికి చాచా లేడు. ఆయన పోయిన సంగతే మాకు మూడు నెలల తర్వాత తెలిసింది, అదీ నయాపూల్ దగ్గర ఆ చోట ఇంకెవరో చెప్పులు పరుచుకొని కూర్చోవడం చూసి అడిగితే.

ఇంటికి వచ్చి, ఇంగ్లిషు పేజీని తెలుగులో బాపుకు చెప్పాను. అప్పటికే ఆయనకు పని తగ్గింది, ఒకటే దేగ్ వెలుగుతోంది. గోళ్లలో ఇంకిన నీలిరంగును చూసుకుంటూ మొత్తం విన్నాడు. లేచి వెళ్లి నమూనాల పుస్తకం తెచ్చాడు. పేరు లేని పేజీ తీశాడు. ఆ రోజు రుద్దిన గుడ్డను ఆయన అందులోనే దాచాడని నాకు అప్పుడే తెలిసింది.

"మరి గిదేంది? తిండిల ఉన్న రంగు గుడ్డకెట్ల అంటింది?"

పుస్తకంలో అది లేదు. బాపు గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తనలో తాను అన్నట్టు అన్నాడు: "గా నూనె వాసన మన రంగుది గాదు. గది నాకు గా పొద్దే ఎరుక."

"మరి చెప్పలేదేంది బాపూ?"

"అంతమంది ముందట," అన్నాడు. గుడ్డను మళ్లీ మడతల్లో పెట్టాడు. "రంగ్రేజే తెల్వదంటే ఇంకెవడు చెప్తడు బిడ్డా?"

పుస్తకం మూసి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆయన ఇంకో తొమ్మిదేళ్లు బతికాడు. ఒక్కసారైనా చాచా వాళ్లింటికి వెళ్లి ఆ మాట చెబుతాడని ఎదురుచూశాను. వెళ్లలేదు. నేను వెళ్లాను, ఆలస్యంగా. చాచా కుటుంబం సంతోష్‌నగర్ వైపు మారిందని కొందరన్నారు, బీదర్ వెళ్లిపోయిందని కొందరన్నారు. ఎవరికీ తెలియదు.

బాపు అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఈమధ్యనే దొరికింది. ఆ పక్షికి తోక మొదట్లో నూనె ఊరే గ్రంథి ఉంటుంది. తిన్న రంగు ఆ నూనెలోకి కూడా దిగుతుంది. జత కట్టే కాలంలో అది చెంపను ఆ నూనెకు రుద్దుకొని, మెడకు, రొమ్ముకు, వీపుకు పూసుకుంటుంది. పూసుకోవడం మానితే కొన్ని రోజుల్లోనే వెలిసిపోతుంది. బాపు వేలు వెళ్లి తగిలింది ఆ గ్రంథికే. అంటే నూనెలో కలిపి పూశారన్నమాట నిజమే. పూసింది చాచా కాదు, పక్షి. రంగు చూసి రంగ్రేజు పని అని గుర్తుపట్టిన బాపు కన్ను తప్పలేదు. ఆ రంగ్రేజు ఎవరో తెలుసుకోవడానికి కొన్నాళ్లు ఆగి ఉంటే చాలు, ఆ హౌజులో రెండు కుండల బురద పోసి ఒక నెల చూసి ఉంటే చాలు. తెలియదు అని ఒక్క మాట అనడానికి ఆయనకు నోరు రాలేదు. కోడిపిల్లలకే అని ఒక్క మాట కలపడానికి నాకు తోచలేదు.

మా సందులో ఇప్పుడు దేగ్‌లు లేవు. మ్యాచింగ్ సెంటర్లలో రెండు వందల రంగులు కట్టలుగా దొరుకుతుంటే, ఒక ఈక తెచ్చి ఇలాంటి రంగు కావాలని ఎవరడుగుతారు. దేవిడి ఉన్నచోట ఫంక్షన్ హాలు వచ్చింది. హౌజు మీద సిమెంటు పోసి బండ్లు నిలబెడుతున్నారు. ముర్గీ చౌక్‌లో చాచా దుకాణం ఏ మలుపులో ఉండేదో నాకే సరిగ్గా తెలియడం లేదు. ఈ ఊరి చెరువుల అంచున, బురద తేలినచోటల్లా, గోడలు లేచాయి. ఆ పక్షులు ఇంకా ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్నాయట, వేలల్లో. నేను చూడటానికి వెళ్లలేదు.

ఈ ఏడు పేజీ తెరిచినప్పుడు ముందు బాపు ముక్కను చూశాను. మూడు రోజులు కష్టపడి కుదిర్చిన రంగు, కాగితం చెమ్మ పట్టి బూడిదరంగుకు తిరిగింది. గుడ్డ మడతలు విప్పాను. ఏ మడతలోనూ ఏమీ లేదు. మరక ఎక్కడుండేదో వేలితో చూపించగలను గాని కంటికి కనబడదు. ఒక మనిషి మాటను తుడిచేసిన సాక్ష్యం ఉత్త తెల్ల గుడ్డగా మిగిలింది.

ఈక మాత్రం గులాబీగానే ఉంది. కుంకుడుకాయ కొట్టి, నానబెట్టి, రసం తీశాను. బాపు లాగే కొత్త మల్‌మల్ తడిపి మూడుసార్లు రుద్దాను.

అంటలేదు.